‘రక్తం తక్కువ’ అన్నది రోగం పేరు కాదు



బస్తీలలో రోగుల వెంట ఆసుపత్రులకు తిరిగే మేము తరచూ వినే మాట ఒకటుంది: “రక్తం తక్కువట, ఐరన్ మాత్రలు రాసిచ్చారు.” రక్తం తగ్గడం లక్షణమే కాని రోగం కాదు. కారణం వెదకకుండా ఏళ్ల తరబడి అవే మాత్రలు మింగించడాన్ని మేము వైద్యంగా అంగీకరించలేము.

మన స్త్రీలలో ఐరన్ లోపమే ఎక్కువ, నిజమే. అయితే లోపం అదే అయినప్పుడు, మాత్రలు సక్రమంగా వాడిన నెలకు హిమోగ్లోబిన్ సుమారు ఒక గ్రామైనా పెరగాలి. పెరగకపోతే లోలోపల రక్తస్రావమో, తలసీమియానో, మూత్రపిండాల జబ్బో, రక్తం తయారయ్యే ఎముక మజ్జలోనే దోషమో ఉండవచ్చు.

మజ్జ దెబ్బతిన్నప్పుడు తరచూ తెల్ల కణాలు, ప్లేట్‌లెట్లు కూడా తగ్గుతాయి. అలసటతో పాటు మాటిమాటికీ జ్వరం, చిగుళ్ల నుంచి రక్తం, ఒంటిపై కమిలిన మచ్చలు కనిపిస్తే ఆలస్యం తగదు. అప్లాస్టిక్ అనీమియాలో మజ్జ దాదాపు ఖాళీ అవుతుంది. మైలోడిస్‌ప్లాసియాలో కణాలు లోపభూయిష్టంగా తయారై మజ్జలోనే నశిస్తాయి. ఈ రెండవది ఎక్కువగా వృద్ధులకు వస్తుంది గనుక “వయసు మీద పడింది” అని ఇంటివారే తేల్చివేస్తారు.

ఇక్కడొక మెలిక ఉంది. బి12 లోపం ముదిరినా మూడు రకాల కణాలూ తగ్గి, అచ్చం మజ్జ రోగంలాగే కనిపించగలదు. అది ఇంజెక్షన్లతో నయమయ్యేది. అందుకే బి12, ఫోలేట్, ఫెర్రిటిన్, రెటిక్యులోసైట్ల లెక్క, గాజుపలకపై రక్తపు చుక్కను చూసే స్మియర్ ముందుగా చేయించమని అడగాలి. వీటికి రక్తం ఎక్కించకముందే నమూనా తీయించడం మేలు. ఎక్కించాక ఫలితాలు తారుమారు కావచ్చు. బి12 సంగతి చూడకుండా ఫోలిక్ యాసిడ్ ఒక్కటే వాడితే, రక్తం మెరుగైనట్టు కనిపిస్తూనే నరాలు దెబ్బతినవచ్చు.

మజ్జ పరీక్ష అనగానే వెన్నులో నీరు తీస్తారనీ, కాళ్లు పడిపోతాయనీ భయపడుతున్నారు. అది వెన్నుపూసలో చేసేది కాదు. సాధారణంగా తుంటి ఎముక వెనుక భాగంలో, ఆ చోటికి మత్తు ఇచ్చి చేస్తారు. పరదా పాటించే తల్లులు తెర కట్టమనీ, మహిళా సిబ్బందిని పక్కన ఉంచమనీ నిస్సంకోచంగా అడగండి. అది ఎవరో చేసే ఉపకారం కాదు.

ఇక కాగితాల సంగతి. 2002 నాటి భారత వైద్య మండలి నిబంధనల ప్రకారం, రోగి కోరితే వైద్య పత్రాలను 72 గంటలలోగా ఇవ్వాలి. నోటిమాటగా కాక దరఖాస్తు రాసి, అందినట్టు సంతకం తీసుకోండి. సర్కారు కచేరీలలో తల నెరసిన వాళ్లం, ఆ సంతకం విలువ మాకు తెలుసు. పాత రిపోర్టులన్నీ తేదీల వారీగా కుట్టి తీసుకువెళితే, ఏ కణాలు ఎప్పటినుంచి తగ్గుతున్నాయో డాక్టరుకు ఒక్క చూపులో బోధపడుతుంది. రాత రానివారు మొహమాటపడవద్దు. దరఖాస్తు మేము రాసిపెడతాం.