కారు యంత్రముతో పడవ



పల్నాటికి ఉత్తరపు హద్దు కృష్ణానది. నాగార్జునసాగరము నిండి నాగార్జునకొండ ద్వీపమైన నాటినుండి విజయపురి రేవున లాంచీలు ఈ ప్రాంతమువారికి సుపరిచితములు. పాత కారు యంత్రమును ఇంట కట్టిన పడవకు అమర్పవలెనన్న ఉత్సాహము చేతిపని నేర్చిన యువకులకు కలుగుట సహజము. పని అసాధ్యము కాదు. థాయిలాండులో కారు, లారీ యంత్రములకు పొడవైన ఇరుసు తగిలించి పడవలు నడుపుచున్నారు. అయితే నేలకును నీటికిని గల భేదములు మూడు ముందుగా గ్రహింపవలెను.

మొదటిది వేడిమి. రోడ్డుపై రేడియేటరును ఎదురుగాలి చల్లార్చును. పడవ గర్భమున ఆ గాలి ఆడదు. నదినీటిని పంపుతో తోడి యంత్రమును చల్లార్పవలెను. పొగగొట్టము మొదటికిని నీటితొడుగు వలయును.

రెండవది త్రోపుడు. ప్రొపెల్లరు నీటిని వెనుకకు నెట్టగా, ఎదురుబలము ఇరుసు వెంట ముందుకు వచ్చును. కారు గేరుపెట్టె ఆ బలమునకై చేసినది కాదు. దానిని భరించు బేరింగును వేరుగా బిగింపవలెను.

మూడవది ప్రాణాపాయము. పెట్రోలు ఆవిరి గాలికన్న బరువైనది. కారునుండి కారినది నేలపై చెదరిపోవును; పడవలో అడుగున నిలుచును. స్టార్టరులో పుట్టిన నిప్పురవ్వ ఒక్కటి చాలును. కావున ఆవిరిని వెలికి తోలు పంకా ఉండవలెను. డీజిలు యంత్రమైనచో ఈ భయము తక్కువ.

2017లో కృష్ణలో ఇబ్రహీంపట్నము చెంత, 2019లో గోదావరిలో కచ్చులూరు వద్ద పడవలు మునిగి అనేకులు మరణించిరి. యంత్రపు పడవకు తనిఖీ, రిజిస్ట్రేషను ఉండవలెనని 2021 నాటి చట్టము విధించినది. ఆగిన కారు దారిప్రక్క నిలుచును. ఆగిన పడవ ప్రవాహము వెంట పోవును. యంత్ర మెంత మంచిదైనను తెడ్లు, లంగరు, మనిషికొక తేలుడు చొక్కా లేక రేవు విడువరాదు.