చిట్టా ముందు, ఆవర్జా తర్వాత

బీబీపేటలో ఒక కిరాణా కొట్టు అనుకోండి. సాయంత్రం గిరాకీ మీదుండగా కరెంటు పోయింది, బిల్లులు కొట్టే కంప్యూటర్ ఆగిపోయింది. అప్పటిదాకా కొట్టిన లెక్క ఉన్నట్టా, పోయినట్టా?

ప్రోగ్రాం పని చేసేది ర్యామ్‌లో. అది పలక, కరెంటు పోతే చెరిగిపోతుంది. నిలిచేది డిస్కు మీద రాసిందే.

రాయడానికి రెండు దారులు. ఒకటి, అప్పుడప్పుడు ర్యామ్‌లో ఉన్నదంతా ఫొటో తీసినట్టు డిస్కు మీదికి దించడం. కాని చివరి ఫొటో తర్వాతి బేరాలు పోతాయి. రెండోది మన షావుకార్లకు తెలిసిందే: బేరం కాగానే రోజువారీ చిట్టాలో ఒక వరస, తీరిక దొరికాక ఖాతాల పుస్తకమైన ఆవర్జాలోకి. డేటాబేసులూ అంతే, అసలు లెక్క కంటే ముందు మార్పును లాగ్ అనే తమ చిట్టాలో రాసుకుంటాయి. కరెంటు వచ్చాక లాగ్ చదివి, పూర్తయిన వాటిని నిలబెడతాయి, సగంలో ఆగిన వాటిని రద్దు చేస్తాయి. ఐఐటీ మద్రాసులో చదివిన సి. మోహన్, ఐబీఎం సహచరులతో కలిసి 1992లో ప్రచురించిన ‘ఏరీస్’ పద్ధతి ఇదే.

ఇక్కడొక మెలిక ఉంది. ఆపరేటింగ్ సిస్టమ్ ‘రాశాను’ అన్నా, ఆ వరస ఇంకా ర్యామ్‌లోనే ఉండొచ్చు. ‘ఎఫ్‌సింక్’ అని గట్టిగా అడిగితేనే వెంటనే డిస్కుకు చేరుతుంది. ప్రతి బిల్లుకూ అడిగితే పని నెమ్మదిస్తుంది. అందుకే రెడిస్ అనే డేటాబేసులో లాగ్ పెట్టుకుంటే, మామూలుగా సెకనుకోసారి అడుగుతుంది. పోతే దాదాపు ఒక్క సెకను లెక్కే.

మీ కొట్లో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టేవారిని ఒక్క మాట అడగండి: “చిట్టా ఎప్పుడు రాస్తది?”