తల్లిపోలిక - ఛాయాచిత్రకళ



"తల్లి పోలిక, మేనత్త నడక" యని ప్రతి యింటను ఆడుబిడ్డను చూచి అనుకొనుట కలదు. ఆ పోలికను గాజుపలకపై నిలిపిన యొక స్త్రీ చరిత్ర వినదగినది.

జూలియా మార్గరెట్ కామెరాన్ 1815లో కలకత్తాలో జన్మించెను. తండ్రి ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి. అక్కచెల్లెండ్రు ఏడుగురు. తక్కినవారు సౌందర్యమునకు పేరుపడిరి. ఈమె మాత్రము రూపవతి కాదని లోకులనిరి. 1863లో, 48వ యేట, కుమార్తెయు అల్లుడును ఆమెకొక కెమెరాను కానుకగా నిచ్చిరి. అప్పటికామె ఇంగ్లండునకు దక్షిణమున నున్న వైట్ ద్వీపములో కాపురముండెను. బొగ్గులకొట్టు చీకటిగది యయ్యెను, కోళ్లగూడు చిత్రశాల యయ్యెను. వదలిన కోళ్లను ఎవరును తినియుండరని తన నమ్మకమని ఆమెయే వ్రాసికొనెను!

ఆ కాలమున గాజుపలకకు రసాయనద్రవమును పూసి, తడి యారకమునుపే చిత్రము తీసి కడుగవలెను. ఎదుట కూర్చున్నవారు నిమిషముల తరబడి కదలరాదు. చిరునవ్వును అంతసేపు నిలుపుట ఎవరి తరము? తెచ్చిపెట్టుకొన్న భావములన్నియు జారిపోవును. మెడ నిలుపు, కనురెప్పల వాలు, పెదవుల కట్టు మిగులును. అవి పుట్టింటినుండి వచ్చినవి. ఈ యిబ్బందియే ఆమె చిత్రములకు బలమైనదనవలెను.

ఆమె చెల్లెలి కుమార్తె జూలియా జాక్సన్, 1846లో కలకత్తాలోనే పుట్టినది, పెత్తల్లి పేరు పెట్టుకొన్నది. 1867లో, పెండ్లికి ముందు, పెత్తల్లి ఆమెను ప్రక్కనుండి చిత్రించెను. మెడ బిగిసియున్నది, వెలుగు ముఖపు అంచున మాత్రమే పడుచున్నది.

ఆ జూలియా 1895లో మరణించెను. చిన్నకుమార్తెకు అప్పటికి పదుమూడేండ్లు. ఆ బాలికయే తరువాత ప్రసిద్ధ ఆంగ్ల రచయిత్రియైన వర్జీనియా ఉల్ఫ్. 1902లో బెరెస్‌ఫర్డ్ అను నాతడు తీసిన వర్జీనియా పటమును, 1867 నాటి తల్లి పటము ప్రక్కన నుంచినచో చూపరులు తడబడుదురు. అదే ముక్కు, అదే కనురెప్ప, అదే మౌనము. ఎముక రక్తమునుండి వచ్చినదే. కాని తల వంచు తీరు? అది పుట్టుకతో వచ్చినదో, పదుమూడేండ్లు తల్లిని చూచి నేర్చినదో, తల్లి పోయినపిదప పటములను చూచి నేర్చినదో తేల్చుట సులభము కాదు. 1904లో వారు క్రొత్త యింటికి మారినపుడు, కామెరాన్ తీసిన తల్లి చిత్రములే ఆ యింటి వాకిటి గోడపై వ్రేలాడెను.

భవభూతి ఉత్తరరామచరితమున మొదటి యంకములో సీతారాములు తమ గతమును చిత్రపటములలో చూతురు. ఆరవ యంకములో రాముడు కుశలవుల ముఖములలో సీతను చూచును. వర్జీనియాకు ఆ రెండు దర్శనములును ఒక యింటనే లభించినవి: గోడమీద తల్లి, అద్దములో తల్లి. 1927లో వెలువడిన "టు ద లైట్‌హౌస్" నవలలో రామ్సే దొరసానియను పేర ఆమె తల్లినే తీర్చెను. చిత్రకారిణియైన అక్క వెనెస్సా దానిని చదివి, చనిపోయిన తల్లి లేచివచ్చినంత బాధ కలిగెనని చెల్లెలికి వ్రాసెను.

అంతకు ముందటి యేడు, 1926లో, వర్జీనియా దంపతుల హోగార్త్ ప్రెస్సు కామెరాన్ ఛాయాచిత్రములను గ్రంథముగా ప్రకటించెను. అందలి పీఠికలలో నొకటి వర్జీనియాదే. ఆ సంవత్సరమే "వోగ్" పత్రికలో ఆమె పటమొకటి వెలువడెను. అందులో ఆమె ధరించినది తల్లి గౌను.