ఊఁ కొట్టడం ఒప్పుకోవడం కాదు

(ఆదివాసీ దినోత్సవ సభలో యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



డోలు ఆగగానే మాట్లాడమన్నారు. మీ కాళ్లు ఇంకా ఆటలోనే ఉన్నాయని తెలుసు, అందుకే ఒక్క సంగతే చెబుతాం.

కొన్నేళ్ల కిందట ఒక కోయగూడెంలో రోడ్డు వెడల్పు పని కోసం గ్రామసభ పెట్టారు. వచ్చిన అధికారి తెలుగులో కాగితం చదువుకుంటూ పోయారు. భూసేకరణ, పరిహారం, అభ్యంతరాలు, గడువు... మన పెద్దలు ప్రతి మాటకూ ఊఁ అన్నారు. కథ చెబుతుంటే ఊఁ కొడతాం కదా, అలాగే. వింటున్నాం, చెప్పండి అని దానర్థం. మినిట్స్ పుస్తకంలో మాత్రం 'గ్రామస్తులు ఏకగ్రీవంగా అంగీకరించారు' అని పడింది. కింద వేలిముద్రలు.

డిగ్రీలు చదివిన మేం నలుగురం అక్కడే వెనక నిలబడి ఉన్నాం. ఒక్కరమూ నోరు విప్పలేదు. రోడ్డు పక్క ఇప్పచెట్లు కొట్టేశాక ఒక తాత మమ్మల్ని అడిగాడు: "చెట్లకు కూడా లెక్క కడతారని ఆ రోజు ఎందుకు చెప్పలేదురా?" అప్పటికి గడువు దాటిపోయింది. చట్టంలో అభ్యంతరం చెప్పుకోవడానికి 60 రోజులు ఇచ్చారు. అభ్యంతరం అనే మాటే తెలియని మనిషికి ఆ 60 రోజులు ఎందుకు పనికొస్తాయి? ఆ తప్పులో ఆఫీసు వాటా ఎంతో మా వాటా అంతే.

మీ వాళ్లకు తెలుగు వచ్చు కదా అంటారు. వచ్చు, సంతలో బేరమాడే తెలుగు. ఫైల్లో తెలుగు వేరు. ఇక ఇంగ్లీషు సంగతి చెప్పక్కర్లేదు. పర్యావరణ నివేదిక వందల పేజీలు ఇంగ్లీషులో ఉంటుంది, 2006 నోటిఫికేషన్ ప్రకారం స్థానిక భాషలో తప్పనిసరిగా ఇవ్వాల్సింది సారాంశమే.

2013 భూసేకరణ చట్టం సామాజిక ప్రభావ నివేదికను స్థానిక భాషలో పంచాయతీకి అందించాలంటుంది. షెడ్యూల్డ్ ప్రాంతంలో గ్రామసభ ముందస్తు సమ్మతి కావాలంటుంది. బాగానే ఉంది. కానీ స్థానిక భాష అంటే ఆఫీసులో తెలుగు అనే అనుకుంటారు. గోండీ, కొలామీ, కోయ, సవర, కువి ఎవరికీ గుర్తు రావు. రాజ్యాంగం 350వ అధికరణం మాత్రం రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఏ అధికారికైనా మన బాధ విన్నవించుకోవచ్చని చెబుతోంది. దీన్ని ఫోన్లో రాసి పెట్టుకోండి.

అదే 2013లో ఒడిశాలోని నియమగిరిలో సుప్రీంకోర్టు తీర్పు మేరకు 12 ఊళ్లలో గ్రామసభలు జరిగాయి. పరిశీలకుడిగా జిల్లా జడ్జి వచ్చారు. డోంగ్రియా కోందులు తమ కువిలో, కొండ మా దేవుడు, బాక్సైట్ తవ్వకం వద్దు అన్నారు. 12 ఊళ్లూ వద్దన్నాయి. అల్లూరి జిల్లా నుంచి వచ్చిన తమ్ముళ్లూ, మీ ఇళ్లలో మాట్లాడే కువి అదే.

అందుకే మనం గ్రామసభలకు మాట అందించే మనుషుల్ని తయారు చేయాలనుకుంటున్నాం. ఈ పని తేలిక కాదు. అధికారి పది మాటలంటే రెండు చెప్పి ఊరుకోకూడదు. తాత కోపంగా అన్నది మెత్తగా మార్చకూడదు. పునరావాసం అన్నప్పుడు, "ఈ ఊరు వదిలి వేరే చోటికి పొమ్మంటున్నారు, మన సమాధి రాళ్లు ఇక్కడే ఉండిపోతాయి" అని విప్పి చెప్పాలి. ఒప్పుకోమనీ వద్దనీ మన సలహా కలపకూడదు. మాకైతే అదే అన్నిటికంటే కష్టంగా ఉంటోంది. మన ఆడవాళ్లు సభలో వెనక కూర్చుంటారు, వాళ్ల పక్కన ఒక చెల్లెలు కూర్చోవాలి. రాసిన మినిట్స్ మన భాషలో చదివి వినిపించాకే వేలిముద్ర పడాలి.

కోయకు, గోండీకి మనుషులున్నారు. కొలామీకి ఒక్కరే. సవరకు ఎవరూ లేరు. భోజనాలయ్యాక ఆ చింతచెట్టు కింద బల్ల వేస్తాం. వచ్చి పేరు, ఊరు, ఇంట్లో మాట్లాడే భాష రాయించండి.