చికిత్సామనశ్శాస్త్రమున డాక్టరు పట్టము: విద్యాలయమును ఎన్నుకొనుట
(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



35 ఏండ్లు సంస్కృతాంధ్రములు బోధించి విశ్రాంతి గొన్న మమ్ము క్లినికల్ సైకాలజీ చదువును గూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు కోరినపుడు మాకే నవ్వు వచ్చినది. కాని ఈ విషయమున మేము చేసిన పొరపాటొకటి కలదు. దానిని దాచుకొనుటకంటె సభలో చెప్పుట మేలని యొప్పుకొంటిమి.

మా శిష్యుడొకడు, మనవాడే, తన కుమార్తెకు అమెరికాలో ఈ శాస్త్రమున డాక్టరు పట్టమునకు సీటు వచ్చినదని ప్రవేశపత్రమును, రంగుల వివరణపుస్తకమును దెచ్చి మాకు చూపెను. మేము అందలి భవనముల చిత్రములను, ఆచార్యుల బిరుదములను జూచి “దివ్యముగా నున్నది, పంపుము” అంటిమి. అతడు మా మాటపై రెండెకరముల మాగాణి తాకట్టు పెట్టెను. నాలుగేండ్ల పిమ్మట ఆ బిడ్డ ఆసుపత్రులలో శిక్షణకై దరఖాస్తులు పెట్టగా, నీవు చదివిన శాఖకు ఆమోదము లేదని ద్వారముననే త్రిప్పివేసిరి. తండ్రి మమ్ము ఒక్క మాటయు అనలేదు. నాటినుండి మేమీ సంగతిని విచారించుచున్నాము.

మనసు చెదరినవానిని పరీక్షించి, మాటలచేతను అభ్యాసములచేతను స్వస్థపరచు విద్య యిది. మందులిచ్చు మానసికవైద్యుని చదువు వేరు. 1896లో లైట్నర్ విట్మర్ అను నాయన పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున ఇట్టి చికిత్సాలయమును మొదట నెలకొల్పెను. 1949లో బౌల్డరు నగరమున జరిగిన సభ, ఈ వృత్తివాడు పరిశోధకుడును చికిత్సకుడును గావలెనని నిర్ణయించెను. పీహెచ్.డీ. మార్గమిదియే. 1973లో వెయిల్ నగరసభ చికిత్సకే ప్రాధాన్యమిచ్చు సై.డీ. మార్గమును బలపరచెను. రెండును గౌరవముగలవే. అయితే వ్యయమున భేదము కలదు. మంచి విశ్వవిద్యాలయములు పలువురు పీహెచ్.డీ. విద్యార్థులకు జీతము మాఫీచేసి, బోధనకును పరిశోధనకును ప్రతిగా భృతి యిచ్చును. కనుకనే సీట్లు బహుస్వల్పము. సై.డీ. వ్యయమో, తరచుగా విద్యార్థి తలపైననే పడును. సీటు సులభముగా వచ్చినదని మిఠాయి పంచుటకు ముందు, ఏల వచ్చినదని యడుగవలయును.

ఇక ఆమోదము మాట. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ వారు 1948 మొదలుకొని ఈ డాక్టరు శాఖలను పరీక్షించి ఆమోదించుచున్నారు. కేవలము అంతర్జాలముననే నడచు చదువునకు వారి ఆమోదము లభింపదు. మేము చూచిన పుస్తకములోను “ఆమోదము గలది” అను మాట యుండెను. అది విశ్వవిద్యాలయమునకు చెందిన ఆమోదము, ఆ శాఖకు గాదు! విశేషణము దేనితో అన్వయించునో చూడకపోవుట వ్యాకరణము చెప్పి బ్రతికినవానికి తగునా?

ఆమోదము పొందిన ప్రతి శాఖయు ఒక పట్టికను బహిరంగముగా ప్రకటింపవలెనను నియమము కలదు. ఎంతమంది చేరిరి, ఎందరు నడుమ విడిచిరి, ముగించుటకు ఎన్నేండ్లు పట్టెను, ఎంత వ్యయమైనది, ఎందరికి ఆమోదము గల ఇంటర్న్‌షిప్ దొరికెను, ఎందరు లైసెన్సు పొందిరి, ఇవన్నియు అందుండును. భవనముల చిత్రములు నూరు చూచుటకంటె ఈ యొక్క పుట చదువుట మేలు. ఇంటర్న్‌షిప్ అనగా పెద్దలయెదుట రోగులను చూచుచు గడుపు ఒక సంవత్సరము. చరకుడు వైద్యునికి చెప్పిన నాలుగు గుణములలో దృష్టకర్మత యొకటి. శాస్త్రము వినుట వేరు, కర్మము కన్నులార చూచుట వేరు. ఇది లేనిదే ఆ దేశమున వృత్తిలోనికి పోవుట దుర్ఘటము.

ఆమోదముతోనే నిశ్చింతగా నుండరాదు. ఆర్గోసీ విశ్వవిద్యాలయమున ఆమోదము గల శాఖలు ఉండెను. 2019 మార్చిలో ఆ సంస్థయే మూతపడగా చదువు నడుమనున్నవారు వీధిని పడిరి. కనుక యాజమాన్యమెవరిది, లాభార్థమా యని కూడ విచారింపవలెను. పీహెచ్.డీ. కోరువారు తమ కభిమతమైన విషయమున పనిచేయు ఆచార్యుడు అచ్చట నున్నాడా, ఈ యేడు శిష్యుని గైకొనునా యని ముందుగనే వ్రాసి తెలిసికొనవలయును.

స్వదేశమున వృత్తి చేయదలచువారికి మరియొక మాట. ఇచ్చట 1992 నాటి చట్టముచే ఏర్పడిన భారత పునరావాస మండలి ఆమోదించిన చదువే క్లినికల్ సైకాలజిస్టునకు ఆధారము. 2017 నాటి మానసిక ఆరోగ్యసంరక్షణ చట్టమును అట్లే చెప్పుచున్నది. మనశ్శాస్త్రమున ఒట్టి పీహెచ్.డీ. మాత్రమే యున్న చాలదు. రెండేండ్ల ఎం.ఫిల్. ఇన్నాళ్లు రాజమార్గముగా నుండెను; విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘమువారు ఈ శాస్త్రమున దానిని 2025-26 విద్యాసంవత్సరము వరకే పొడిగించిరి. కావున పాతవారి సలహాను, మాదానిని సైతము, నమ్మక మండలివారి పట్టికనే చూడుడు.

ఆ బిడ్డ ఆమోదము గల వేరొక శాఖలో చేరినది. వెనుకటి చదువులో చాలభాగము లెక్కకు రాలేదు. మాగాణి ఇంకను తాకట్టులోనే యున్నది. మన విద్యానిధినుండి ఇట్టి చదువునకు ఋణమడుగువారు తమ శాఖయొక్క ఆ పట్టికను దరఖాస్తుతో జతపరుపవలెనని మేమొక తీర్మానము వ్రాసి తెచ్చితిమి. దానిని అధ్యక్షులవారి బల్లపై నుంచుచున్నాము.