లెక్కకు రాని జమ



నేను గ్రామమున పద్దులు వ్రాయువాడను. ఖగోళశాస్త్ర పండితుడను గాను. ఈ గ్రంథాలయపు బీరువాలలోని పుస్తకములే నాకు గురువులు. కావున నేడు ఆకాశమునందలి యొక పద్దును గూర్చియే మనవి చేసెదను.

వేసవి రాత్రులందు ఉత్తరఫల్గునికిని స్వాతికిని నడుమ, కొంచెము ఉత్తరముగా చూడుడు. మన కన్నులకు కానరాని కోమా గుచ్ఛము అచ్చట నున్నది. అది నక్షత్రముల గుంపు కాదు. మన పాలపుంతవంటి నక్షత్రమండలములు వేయికి పైగా కూడిన గుంపు. దూరము సుమారు 32 కోట్ల కాంతి సంవత్సరములు. నేడు దూరదర్శినిని చేరు ఆ వెలుగు బయలుదేరిన నాటికి భూమిపై మనుష్యుడే కాదు, డైనోసారులు సైతము పుట్టలేదు. మన పాలపుంత యున్న సమూహము కొలది పదుల మండలముల పల్లె, కోమా మహానగరము. 1989లో మార్గరెట్ గెల్లర్, జాన్ హుక్రా ప్రకటించిన నక్షత్రమండలముల మహాకుడ్యమున ఆ నగరము ఒక భాగము.

1933లో ఫ్రిట్జ్ జ్వికీ యను స్విస్ శాస్త్రజ్ఞుడు ఆ మండలముల వేగములను పరిశీలించెను. అవి గుంపులో సెకనుకు సుమారు 1,000 కిలోమీటర్ల వేగముతో సంచరించుచున్నవి. వానిని చెదరకుండ నిలుపుటకు కనబడు నక్షత్రముల ఆకర్షణ చాలదు. అయినను గుంపు చెదరలేదు. ఖర్చు కనబడుచున్నది, జమ కనబడుట లేదు! కంటికి కానరాని పదార్థము ఉండవలెనని ఆయన వ్రాసెను. ఆ మాటకు చాలకాలము మన్నన లభింపలేదు.

1970 తరువాత ఎక్స్‌కిరణ పరిశీలనలవలన గుచ్ఛమంతటను వ్యాపించిన మిక్కిలి వేడి వాయువు తెలియవచ్చినది. దాని ద్రవ్యరాశి నక్షత్రముల ద్రవ్యరాశిని మించినది. ఆ జమ వ్రాసినను లెక్క సరిపోలేదు. మిగిలిన లోటునకే కృష్ణపదార్థమని పేరు. అది యేమో నేటికిని తేలలేదు.

నా యౌవనమున ఒక సంవత్సరాంతమున నా చిట్టాలో నగదు తక్కువ వచ్చినది. రెండు జాములు వెదకి, విసిగి, ‘చిల్లర ఖర్చు’ అని వ్రాసి సరిపెట్టితిని. తేడా పోయినది, తప్పు నిలిచినది. మరుసటి యేడు తనిఖీలో అది బయటపడగా తల వంచుకొంటిని. జ్వికీ వృత్తాంతము చదివిననాడు ఆ రాత్రియే నాకు జ్ఞప్తికి వచ్చినది. ఆయన సరిపెట్టలేదు, తేడాను తేడాగనే వ్రాసిపెట్టెను. తరువాతివారు దానినే పట్టుకొని వెదకుచున్నారు.

మన గ్రంథాలయమునకు 25 ఏండ్లు నిండినవి. తెలిసిన సంగతులు ఈ బీరువాలలో వేలకొలది యున్నవి. తెలియనిదానిని తెలియదని వ్రాయు ధైర్యము కూడ మన బిడ్డలకు ఇచ్చటనే అలవడుగాక! సెలవు.