సూరత్ వీథులు – ఉష్ణగతిశాస్త్రము

లింబాయత్, ఉధ్నా ప్రాంతములలో మరమగ్గముల మ్రోతనడుమ తెలుగు మాట వినవచ్చు ఈ సూరత్ నగరమున, 1994 సెప్టెంబరులో వీథుల మురికినడుమ ప్లేగు భయము పుట్టి, లక్షలాది జనులు దొరికిన బండి యెక్కి తరలిపోయిన సంగతి పెద్దలకు జ్ఞప్తియందుండును. అవ్యవస్థ సదా పెరుగునని ఉష్ణగతిశాస్త్ర ద్వితీయ సూత్రమే ఘోషించుచుండగా, ఇట్టి ఊరి మురికిని చీపురుతో ఎదిరింపబూనుట అవివేకమని వాదించు విద్యావంతులు నేటికిని కలరు.

వారు అవ్యవస్థ యనునది, భౌతికశాస్త్రజ్ఞుడు క్లౌసియస్ 1865లో ఎంట్రోపీ యని పేరిడిన రాశి; అది ఉష్ణమును, ఉష్ణోగ్రతను బట్టి లెక్కింపబడునది. వీథిలోని అరటితొక్కలకొరకు ఆయన దానిని కల్పింపలేదు. పోనిండు, ఉపమానముగా అంగీకరింతము. అప్పుడును, వెలుపలినుండి శక్తిగాని పదార్థముగాని చొరని వివిక్త వ్యవస్థయందే ఎంట్రోపీ తగ్గదని సూత్రము పలుకుచున్నది. ధాన్యము, విద్యుత్తు, డీజిలు దినదినము వచ్చి పడుచుండు నగరము వివిక్తమెట్లగును? 1995లో మునిసిపల్ కమిషనరుగా వచ్చిన ఎస్. ఆర్. రావు, అధికారులను గదులు విడిపించి ప్రతిదినము వీథులకు పంపి, రాత్రివేళలందును ఊడ్పించి, చెత్త వేసినవారికి జరిమానా విధింపగా, రెండేండ్లు తిరుగకముందే ఇన్‌టాక్ సంస్థ సూరత్‌ను దేశమున రెండవ పరిశుభ్ర నగరముగా ఎంచినది. ఇందు సూత్రభంగ మేమియు లేదు. ఊడ్చినవారి దేహములలో దహించిన అన్నము, లారీలు మండించిన డీజిలు, గాలిలోనికి వెడలిన వేడిమి అన్నియు కూడినచో మొత్తపు ఎంట్రోపీ పెరిగియే యున్నది. వీథి మాత్రము శుభ్రపడినది. పనికి మూల్యము కలదని ఆ సూత్రము చెప్పును గాని, పని పొసగదని చెప్పదు.

కావున ఎవరైనను వాదమున సూత్రము వల్లించినచో, అది దేనిని గూర్చినది, ఏ ఎల్లలలో చెల్లునని వారినే మర్యాదగా అడుగుడు. సగము వాదము లక్కడనే ఆగును.

న్యూటను తృతీయ నియమమునకును ఇట్లే ఎల్ల మీరి వల్లింపబడు దుర్గతి పట్టినది. వాడు తిట్టెను, నేను కొట్టితిని, చర్యకు ప్రతిచర్య యందురు. నాడె ఉన్న మగ్గమునే చూడుడు: నాడెను విసరు కర్ర దానిని ఎంత బలముతో తాకునో, నాడెయు కర్రను అంత బలముతోనే, ఆ క్షణముననే తాకును, కాని ఒక బలము నాడెపై, రెండవది కర్రపై పనిచేయును. ఆ రెండును నాడెపైననే పడినచో అవి సరికి సరియై, అది కదలనే కదలదు. నిన్నటి తిట్టుకు నేడు వేసిన దెబ్బ ఇందే విధముగను ఇమడదు. ఆ తగవు తీర్పవలసినవాడు మేస్త్రీ గాని న్యూటను కాడు.